గరీబు ఎవరు?

మా సాయంకాలపు తెలుగు తరగతి మగ్రిబ్ నమాజు అయిన అరగంటకు మొదలవుతుంది. పగలంతా ఇంగ్లీషు బడిలో చదివి అలసిపోయిన పిల్లలు కళ్ళు నులుముకుంటూ వచ్చి కూర్చుంటారు. చిన్నవాళ్ళు అక్షరాలు దిద్దుతారు. పెద్దవాళ్ళకు నేను సామెతలూ, పొడుపు కథలూ, చిన్న చిన్న కథలూ చెబుతుంటాను. మూడు తరాలుగా బడిపంతుళ్ళ ఇల్లు మాది. అరవై దాటినా సాయంత్రం అయ్యేసరికి సుద్దముక్క పట్టుకోనిదే చెయ్యి ఊరుకోదు.

మొన్నీమధ్య ఒక కథ చదివిస్తుండగా 'గరీబు' అనే మాట వచ్చింది. అర్థం ఎవరికైనా తెలుసా అని అడిగాను. ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి లేచి, "కరీంనగర్‌లో మా నాయనమ్మ 'గరీబోళ్ళు' అంటే బీదవాళ్ళని చెప్పింది సార్. మా బడిలో అరబ్బీ మేడమేమో 'ఘరీబ్' అంటే 'వింతైనది' అని రాయించింది. ఇద్దరిలో ఎవరిది తప్పు సార్?" అని అడిగింది.

ఇద్దరిదీ తప్పు కాదమ్మా అని ఆ పూటకు సరిపెట్టాను. కాని ఆ జవాబు నాకే చాలలేదు. ఈ దేశంలో ముప్ఫయ్యేళ్ళకు పైగా గడిపిన నాకు ఆ మాటతో ఒక పాత బాకీ కూడా ఉంది. ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, ఆ అమ్మాయికి పూర్తి జవాబు ఇక్కడే చెప్పుకుందామనిపించింది.

అరబ్బీలో మాటలు చాలావరకు మూడేసి హల్లుల ధాతువుల మీద నిలుస్తాయి. గైన్, రే, బే అనే మూడు అక్షరాలు కలిసిన ధాతువుకు దూరంగా వెళ్ళిపోవడం, కనుమరుగు కావడం అని అర్థం. సూర్యుడు కనుమరుగయ్యే దిక్కు 'ఘర్బ్', అంటే పడమర. సూర్యాస్తమయం 'ఘురూబ్'. ఆ వేళ చేసే నమాజు 'మగ్రిబ్'. అరబ్బుల ప్రపంచానికి పడమటి కొసన ఉన్న మొరాకోను అరబ్బీలో 'అల్ మగ్రిబ్' అనే అంటారు. పోర్చుగల్ దక్షిణాన ఉన్న 'అల్‌గార్వ్' సీమ పేరు కూడా, అక్కడ అరబ్బుల పాలన ఉన్న రోజుల నాటి 'అల్ ఘర్బ్' అన్న మాటే.

అదే విధంగా సొంతవాళ్ళ కళ్ళకు కనుమరుగై, దూరదేశం చేరినవాడు 'ఘరీబ్'. అతని ప్రవాస జీవితం 'ఘుర్బా'. గమనించండి, ఈ మాటలో ఎక్కడా బీదరికం లేదు. కోటికి పడగలెత్తినవాడైనా సరే, ఊరు విడిచి పరాయి ఊరు చేరితే ఘరీబే.

పరదేశి స్థానికులకు కొత్తగా, వింతగా కనిపిస్తాడు గదా! కనుక ఘరీబ్ అంటే 'వింతైనది' అన్న అర్థం కూడా అరబ్బీలోనే ఏర్పడింది. మా అమ్మాయి అరబ్బీ మేడం రాయించినది ఇదే. మాటల్లో కూడా పరదేశుల్లాంటివి ఉంటాయని అరబ్బు పండితులు భావించారు. ఎవరూ వాడని, అర్థం తెలియని అరుదైన మాటలను వారు 'ఘరీబ్' అన్నారు. తొమ్మిదో శతాబ్దంలో మక్కాలో కాలం చేసిన అబూ ఉబైద్ అనే పండితుడు హదీసుల్లోని అలాంటి మాటలను ఏరి, వివరించి 'ఘరీబ్ అల్ హదీస్' అనే గ్రంథం రచించాడు. నిఘంటువులు కూర్చేవారు దిక్కులేని మాటలకు ఆశ్రయం ఇచ్చేవారన్నమాట.

ఇక్కడ కాకి కథ ఒకటి చెప్పాలి. అరబ్బీలో కాకిని 'ఘురాబ్' అంటారు. అవే మూడు హల్లులు. ఘుర్బా, ఘరీబ్ అనే మాటలు కాకి పేరు నుంచే పుట్టాయని బస్రాకు చెందిన జాహిజ్ అనే తొమ్మిదో శతాబ్దపు మహా రచయిత తన జంతుశాస్త్ర గ్రంథంలో రాశాడు. గుడారాలు ఎత్తి అందరూ వెళ్ళిపోయాక ఆ ఖాళీ చోట మిగిలిన ఎంగిలి మెతుకుల కోసం వాలేది కాకి. అందుకే అరబ్బు కవులకు అది ఎడబాటును తెచ్చే పక్షి. భాషాశాస్త్రం ప్రకారం ఈ వ్యుత్పత్తి నిలవకపోవచ్చు; కాకి పేరు దాని కూతను బట్టి వచ్చి ఉండవచ్చు. కాని మనసును తాకే పోలిక అది. మన ఇళ్ళలో సంగతి పూర్తిగా తలకిందులు. గోడ మీద కాకి అరిస్తే చుట్టాలు వస్తారని మన అమ్మమ్మలు ఇంకో గిద్దెడు బియ్యం ఎక్కువ పోసేవారు. అదే పక్షి, అదే అరుపు. ఒకచోట వెళ్ళిపోయినవాళ్ళను తలపిస్తే, ఇంకొకచోట రాబోయేవాళ్ళను తలపిస్తుంది.

అరబ్బుల దగ్గర బయలుదేరిన ఈ మాట పారశీకం చేరింది. అక్కడ కూడా పరదేశి అన్న అర్థమే నిలిచింది. అయితే దానికి ఒంటరితనపు దిగులు తోడైంది. మదీనాలో పుట్టి, క్రీస్తు శకం 818లో ఇరాన్‌లోని తూస్ దగ్గర మరణించిన ఇమాం రజాను ఇరానీలు పరదేశులలోకెల్లా పరదేశి అనే అర్థంలో 'ఘరీబుల్ ఘురబా' అని భక్తితో స్మరిస్తారు. తురకీ భాషలో ఇది 'గరిప్' అయింది. వింతైనది, దిక్కులేనిది అనే రెండు అర్థాలూ అక్కడ ఉన్నాయి. ఇస్తాంబుల్‌లో 1845లో సుల్తాను తల్లి బెజ్మియాలెం కట్టించిన ధర్మాసుపత్రికి 'గురెబా' ఆసుపత్రి అని పేరు. గురెబా అంటే ఘరీబులు. ఊరుగాని ఊళ్ళో జబ్బుపడినవాడూ, చేతిలో కాసు లేనివాడూ ఇద్దరూ ఆ ఒక్క పేరులో ఇమిడిపోయారు. పరదేశి బీదవాడిగా మారే మలుపు ఇదే.

ఇక మన దేశానికి వద్దాం. మొరాకో నుంచి బయలుదేరి, మక్కాలో కొన్నేళ్ళు గడిపిన ఇబ్న్ బతూతా 1333లో సింధు నది దాటి ఢిల్లీ సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువు చేరాడు. సుల్తాను ఆయనను ఢిల్లీలో ఖాజీగా నియమించాడు. ఆ సుల్తాను క్రూరత్వాన్నీ, దానగుణాన్నీ రెంటినీ దాచకుండా రాసిన ఆ యాత్రికుడు ఒక చిన్న ముచ్చట కూడా చెప్పాడు. పరదేశాల నుంచి వచ్చినవారిని ఎవరూ 'ఘరీబ్' అని పిలవకూడదని, గౌరవనీయుడు అనే అర్థం వచ్చే 'అజీజ్' అని పిలవాలని సుల్తాను ఉత్తరువు చేశాడట. ఘరీబ్ అని పిలిస్తే ఆ మనిషి గుండె నలుగుతుందని ఆయన ఉద్దేశం. అంటే పధ్నాలుగో శతాబ్దానికే ఆ మాటలో ఏదో ములుకు గుచ్చుకునే గుణం వచ్చిందన్నమాట. మాట మార్చితే మనిషి బతుకు మారుతుందా అంటే, అది వేరే సంగతి. కాని ఆ ములుకును గుర్తించినవాడు ఒక రాజు!

ఆ తుగ్లక్ రాజ్యం నుంచే విడివడి 1347లో దక్కనులో బహమనీ రాజ్యం ఏర్పడింది. ఇరాన్, ఇరాక్, మధ్య ఆసియాల నుంచి ఓడల మీద వచ్చి ఆ కొలువులో చేరినవారిని ఆఫాఖీలు అనేవారు. ఘరీబులు అన్న మాట కూడా వారికి వాడుకలో ఉండేది. ముందునుంచీ ఇక్కడ స్థిరపడినవారు దక్కనీలు. ఈ రెండు పక్షాల కక్షలే ఆ రాజ్యాన్ని లోపలినుంచి తొలిచేశాయి. ఇరాన్‌లోని గిలాన్ నుంచి వచ్చిన మహమూద్ గవాను బీదరులో ప్రధానమంత్రి అయ్యాడు. 1472లో గొప్ప మదర్సా కట్టించాడు. నేటికీ అది బీదరులో శిథిలంగానైనా నిలిచే ఉంది. శత్రువులు సృష్టించిన దొంగ ఉత్తరాన్ని నమ్మి సుల్తాను 1481లో ఆయనను చంపించాడు. తరవాత ఆయన ఖజానా తెరిపిస్తే సొంతానికి దాచుకున్నది చాలా స్వల్పమని తేలిందని చరిత్రకారులు రాశారు. అరబ్బీ అర్థంలో ఘరీబుగా వచ్చిన మనిషి, మన అర్థంలో కూడా గరీబుగానే వెళ్ళిపోయాడు.

అదే కొలువుకు ఇరాన్‌లోని హమదాన్ వైపు నుంచి వచ్చిన మరో పరదేశి సుల్తాన్ కులీ. ఆయన తెలంగాణాకు పాలకుడై, గోల్కొండలో కుతుబ్‌షాహీ వంశాన్ని స్థాపించాడు. ఆయన తరవాతి తరాలలో ఆ వంశం తెలుగు కవులను ఆదరించింది. పారశీకంతో పాటు తెలుగులోనూ ఫర్మానాలు వెలువరించింది. పరదేశి వంశం ఈ నేలదైపోయిందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? వచ్చిన దేశం భాష నేర్చుకున్న పరదేశి, పరదేశిగా మిగలడు.

మరి పరదేశి బీదవాడెప్పుడయ్యాడు? ఒక తేదీ చెప్పగల విషయం కాదిది. కారణం మాత్రం ఊహించుకోవచ్చు. పాతకాలంలో మనిషికి అండ అంటే బంధువులు, పొలం, కులం, ఊరు. ఇవేవీ లేని పరదేశికి డబ్బు ఉన్నా నిలకడ లేదు. జబ్బు చేస్తే చూసే దిక్కు లేదు, తగాదా వస్తే సాక్ష్యం చెప్పే మనిషి లేడు. అందుకని దానధర్మాల్లో పరదేశికీ, పేదకూ ఒకే పంక్తి వేశారు. అజ్మీరులోని ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీని 'గరీబ్ నవాజ్' అంటారు. పరదేశులను ఆదుకునేవాడనీ, పేదలను ఆదుకునేవాడనీ రెండు విధాలా చెప్పుకోవచ్చు. పైగా వినయం కోసం మనిషి తన్ను తాను గరీబు అని చెప్పుకోవడం కొలువుల్లో మర్యాద అయింది. నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పిన మా తాతగారు ఎవరినైనా ఇంటికి పిలిస్తే "మా గరీబ్‌ఖానాకు దయచెయ్యండి" అనేవారట. ఎదుటివారి ఇల్లు పూరిల్లైనా సరే, 'దౌలత్‌ఖానా'!

అలా హిందీ, ఉర్దూ, పంజాబీ, గుజరాతీ, బెంగాలీలలో ఈ మాటకు బీదవాడు అన్న అర్థమే మిగిలింది. మరాఠీ వారు బీదవాడినే గాక, నోట్లో నాలుక లేని సాధువైన మనిషిని కూడా 'గరీబ్' అంటారు. 1971 ఎన్నికల్లో ఇందిరాగాంధీ 'గరీబీ హఠావో' అన్నప్పుడు దేశంలో ప్రతి పల్లెకూ ఆ అర్థం తెలుసు. ఆ నినాదాన్ని అరబ్బు దేశాల వారు తమ భాషలో అర్థం చేసుకుంటే ఏమయ్యేదో తలుచుకుంటే నవ్వు వస్తుంది.

తమాషా ఏమిటంటే, ఈ మాట తోబుట్టువులు కూడా దారిలో వేషాలు మార్చుకున్నాయి. అరబ్బీలో బీదవాడిని 'ఫకీర్' అంటారు. వెన్నుపూస విరిగినంత కష్టంలో ఉన్నవాడని నిఘంటుకారులు ఆ మాటను వివరిస్తారు. మనకు ఫకీరు అంటే నెమలి ఈకల కట్టతో ఇల్లిల్లూ తిరిగే సాధువు. అరబ్బీలో 'అమీర్' అంటే ఆజ్ఞ ఇచ్చేవాడు. సౌదీలోని 13 ప్రాంతాలకూ ఒక్కొక్క అమీరు పాలకుడు. మన దగ్గర అమీరంటే డబ్బున్నవాడు. కనుక మన 'అమీరు, గరీబు' అనే జంటను ఇక్కడివారు వింటే రాజకుమారుడూ, పరదేశీ అనుకుంటారు.

ఇది తురకమాటలకు మాత్రమే పట్టిన వింత గతి అనుకోరాదు. మన 'పరదేశి' మాటే చూడండి. పర దేశం నుంచి వచ్చినవాడని తేట అర్థం. కేరళలో కొచ్చిన్‌లోని 1568 నాటి యూదుల ప్రార్థనాలయాన్ని పరదేశి సినగాగ్ అంటారు; అక్కడ ఆ మాట గౌరవమైనదే. తమిళనాట పరదేశి అంటే బిచ్చగాడు. మనం కూడా "దిక్కూ మొక్కూ లేని పరదేశి" అని జాలిపడతాం. బతుకు చెడినవాణ్ణి "దేశాలు పట్టిపోయాడు" అంటాం. జర్మనులు దుర్గతిని 'ఎలెండ్' అంటారు. పాతకాలపు జర్మనులో ఆ మాటకు పరదేశం అని అర్థం. ఇంగ్లీషులో దౌర్భాగ్యుణ్ణి 'రెచ్' అంటారు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో అది దేశబహిష్కృతుడి పేరు. ఇన్ని భాషలు ఒకే దారిన నడిచాయంటే, లోకం పరదేశిని ఎలా చూసిందో ఆ మాటలే సాక్ష్యం.

ఇప్పుడు నా పాత బాకీ సంగతి. 1998 వేసవిలో మా సాయంకాలపు తరగతికి అప్పుడప్పుడు ఉత్తరాలు రాయించుకోవడానికి వచ్చే జగిత్యాల వైపు కుర్రవాడొకడు పనిలో పైనుంచి పడ్డాడని కబురు తెలిసింది. దమ్మాంలో ఒక ఆసుపత్రిలో ఉన్నాడు. నేను వెళ్ళేసరికి వాకిట్లో కావలి మనిషి ఆపాడు. నాకు అప్పటికి వచ్చిన అరబ్బీ నాలుగు ముక్కలు. పాపం బీదవాడు, ఎవరూ లేరు, చూడనివ్వమని చెప్పాలనుకుని, హైదరాబాదు అలవాటుతో "హాదా గరీబ్" అన్నాను. ఆ మనిషి నా ముఖం ఎగాదిగా చూసి "గరీబక్?" అన్నాడు. నీ బీదవాడేనా అని అడుగుతున్నాడనుకుని "అవును, గరీబ్, గరీబ్" అని తల ఊపాను. వెంటనే తలుపు తీసి, పోవయ్యా అని భుజం తట్టి లోపలికి పంపాడు.

మంచం మీద కుర్రవాడు కాలికి కట్లతో ఉన్నాడు. నన్ను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "సార్, మీరెట్లొచ్చిన్రు? సుట్టాలనే పంపుతున్రు గదా లోపటికి" అన్నాడు. తరవాత "మా బాపుకు చెప్పకున్రి సార్" అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ వారమంతా రోజూ వెళ్ళాను. అదే కావలి మనిషి, ఏమీ అడగకుండానే తలుపు తీసేవాడు.

నా అరబ్బీ చూసి నేనే మురిసిపోతూ మా బడిలోని సూడాను మాస్టారికి ఈ సంగతి చెప్పాను. ఆయన విరగబడి నవ్వాడు. అరబ్బీలో గైన్ అక్షరంతో ఉన్నది 'ఘరీబ్', పరదేశి. ఖాఫ్ అక్షరంతో ఉన్నది 'ఖరీబ్', దగ్గరివాడు, బంధువు. సౌదీ వాడుక భాషలో ఖాఫ్‌ను మన 'గ' లాగానే పలుకుతారు. గైన్ గొంతులోంచి గరగరమంటూ రావాలి. మన తెలుగు నోటికి అది రాదు. నేను బీదవాడని చెప్పబోయిన మాట, ఆ కావలి మనిషి చెవికి చుట్టం అని వినబడింది. "గరీబక్?" అంటే, నీ చుట్టమా? నేను అవునన్నాను! సూడాను మాస్టారు ఇంకో మాట కూడా చెప్పాడు. వారి దేశంలో గ్రాంథికం మాట్లాడేటప్పుడు చదువుకున్నవాళ్ళు కూడా ఖాఫ్‌ను గైన్‌లా పలుకుతారట. "మా నోట బంధువు పరదేశి అయిపోతాడు, మీ నోట పరదేశి బంధువు అయిపోయాడు. మీదే నయం" అన్నాడు.

కుర్రవాడు కోలుకుని, ఇంటికి పోయే ముందు వచ్చినప్పుడు ఈ కథంతా చెప్పి, తెలియక అబద్ధం ఆడానయ్యా అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అబద్ధమెట్లయితది సార్? రోజు వచ్చింది మీరే గద" అన్నాడు.

ఆ మాటే నా బాకీ. ఘరీబ్ అన్న మాటలో బీదరికం మొదట్లో లేదు. నా వాడు అని చెప్పే మనిషి ఒక్కడూ లేకపోవడం వల్ల అది వచ్చి చేరింది. ఇక్కడ ప్రభుత్వం మనకు ఇచ్చే నివాసపత్రం 'ఇఖామా'. దాని ధాతువూ, మన తెలుగు 'మకాం' ధాతువూ ఒకటే. కాగితం మీద మనకు మకాం దొరికింది. కాని ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడికీ, జీతం రాక తిండికి ఇబ్బంది పడేవాడికీ, ప్రాణం పోయాక ఇల్లు చేరాల్సినవాడికీ కాగితం చాలదు. వాకిట్లో నిలబడి, వీడు మావాడు అనే మనిషి కావాలి. మన సంఘాలు పండుగలు చేయడంతో పాటు ఈ పని కూడా చేస్తున్నాయి. ఇంకా చేయాలి.

ఇక మా అమ్మాయికి ఇంకొక్క మాట. నీ ప్రశ్నలో నువ్వు అడగని భయం ఒకటి నాకు కనిపించింది తల్లీ. సెలవులకు కరీంనగర్ వెళ్ళినప్పుడు నాయనమ్మ మాట సగం అర్థం కాకపోతే, ఆ ఇంట్లో నువ్వు ఘరీబ్‌వి, అరబ్బీ అర్థంలో. అక్కడ బీదరికం ఏమీ లేదు, ముద్దకు కొదవ లేదు, అయినా పరాయితనం ఉంటుంది. అది నీకూ కష్టమే, నాయనమ్మకూ కష్టమే. నాలుగు మాటలు నేర్చుకుంటే తీరే కష్టం అది. కనుక నాయనమ్మ చెప్పిన అర్థం, మేడం రాయించిన అర్థం రెండూ నోటుపుస్తకంలో పక్కపక్కన రాసుకో. కింద కొంచెం చోటు వదులు. నాయనమ్మకు ఫోను చేసి, 'గరీబోళ్ళు' అనే మాటతో ఒక వాక్యం అడిగి అక్కడ రాసి తీసుకురా.

తల్లిదండ్రులకు మనవి. తరగతి మగ్రిబ్ అయిన అరగంటకు. పిల్లలను వేళకు పంపించండి. విజిటింగు వీసా మీద ఊరి నుంచి నాయనమ్మలు, తాతయ్యలు వస్తే వారిని కూడా తీసుకురండి. నాకు తెలియని మాటలు వారి దగ్గర చాలా ఉన్నాయి.